రహదారిపై దైవభీతి

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు, సకల ప్రశంసలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయన క్షమాభిక్షనే వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, ఆయన సహచరులందరిపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

అమ్మాబాద్!

ధార్మిక సోదరులారా! ముందుగా నాకు, ఆ తరువాత మీకు నేను చేసే హితోపదేశం ఒక్కటే. అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. ఇంట్లోనూ, బజారులోనూ, పనిచేసే చోటనూ, రహదారిపైనా. ఈ చివరి మాట విని కొందరు ఆశ్చర్యపోవచ్చు. నమాజు గురించి, రోజా గురించి, జకాత్ గురించి చెప్పవలసిన మింబరుపై నుంచి కార్ల వేగం గురించి చెప్పడమేమిటని అనుకోవచ్చు. ఎందుకు చెప్పవలసి వచ్చిందో వినండి.

కొన్ని నెలల క్రితం ఒక రాత్రి ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఒక పెద్దమనిషి వెనుక సఫ్‌లో ఒంటరిగా కూర్చుని ఉండటం చూశాను. వ్యాపారంలో స్థిరపడినవారు. ఐదు పూటలా జమాఅత్‌తో నమాజు చేసేవారు. దగ్గరకు వెళ్లి సలాం చేసి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన నోరు విప్పారు. “మౌలానా సాబ్, ఒక మస్‌అలా అడగాలి. మా అబ్బాయిపై రెండు నెలల రోజాలు ఉన్నాయని ఎవరో చెప్పారు. వాడు ఉండలేడేమో. వాడికి బదులు నేను ఉండవచ్చా?” అన్నారు.

విషయమేమిటని అడిగితే మెల్లగా చెప్పారు. చదువు పూర్తయి ఉద్యోగంలో చేరిన కుమారునికి ఆయన ముచ్చటపడి ఒక స్పోర్ట్స్ కారు కొనిచ్చారు. ఒక రాత్రి ఆ యువకుడు పెద్ద రహదారిపై పరిమితిని మించిన వేగంతో వెళ్తున్నాడు. కుడి చివరి వరుసలో ముందున్న కారు నెమ్మదిగా పోతూ దారి ఇవ్వలేదు. ఇతడు సహనం కోల్పోయి ఎడమ వరుసలోకి తిప్పాడు. అక్కడ లారీ ఉంది. దానికీ ఎడమపక్కకు తిప్పాడు. రోడ్డు అంచున ఒక వ్యాను ఆగి ఉంది. దాని డ్రైవరు కిందికి దిగి టైరు మారుస్తున్నాడు. ఆ డ్రైవరు ఆసుపత్రికి చేరకముందే చనిపోయాడు. అతనికి భార్య, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు.

ఆ తండ్రి చివరగా చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. “కారు అద్దం దగ్గర ఒక యంత్రం పెట్టుకున్నాడు, మౌలానా. ఎక్కడ పోలీసు రాడార్ ఉన్నా ముందే మోగుతుంది. స్నేహితుడితో బయటి దేశం నుంచి తెప్పించుకున్నాడు. ఆ రాత్రి అది మోగలేదు.”

మోగలేదు, నిజమే. ఎందుకంటే అక్కడ రాడార్ లేదు. మనిషి ఉన్నాడు. మనిషి ఉన్నాడని చెప్పే యంత్రం అది కాదు.

సోదరులారా! ఆ యంత్రం ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. వేగాన్ని కొలిచే పోలీసు రాడార్ రేడియో తరంగాలను పంపుతుంది. అవి కదిలే వాహనాన్ని తాకి తిరిగి వచ్చినప్పుడు వాటిలో కలిగే మార్పును బట్టి వేగాన్ని లెక్కిస్తుంది. కారులో అమర్చుకునే ఈ చిన్న పరికరం ఆ తరంగాలను ముందే పసిగట్టి శబ్దం చేస్తుంది. డ్రైవరు బ్రేకు నొక్కుతాడు. రాడార్ దాటిపోగానే మళ్లీ పాత వేగమే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనూ, ఫ్రాన్స్‌లోనూ ఇటువంటి పరికరం వాడటం నేరం. ఈ పరికరం లేనివారు కూడా తప్పించుకున్నామని అనుకోవద్దు. కెమెరా ఉన్న చోటును ముందే చెప్పే యాప్ చాలామంది ఫోన్లలో ఉంది. అదీ లేనివారు కెమెరా ఏ స్తంభంపై ఉందో మనసులోనే గుర్తుపెట్టుకున్నారు. పరికరం ఏదైనా ఉద్దేశం ఒక్కటే. చూసేవాడు ఉన్నచోట ఒక మనిషిగా, లేనిచోట మరొక మనిషిగా ఉండటం.

ఈ గుణానికి దివ్య ఖుర్ఆన్‌లో ప్రస్తావన ఉంది. మదీనాలో ఒక కుటుంబానికి చెందినవారు ఒక కవచాన్ని దొంగిలించి, ఆ నేరాన్ని ఏ పాపమూ ఎరుగని ఒక యూదునిపైకి నెట్టారని వ్యాఖ్యాతలు వివరించారు. రాత్రిపూట గుమికూడి ఏం చెప్పాలో పథకం వేసుకున్నారు. అప్పుడు సూరా నిసాలోని వచనాలు అవతరించాయి. ఆ యూదుడు నిర్దోషి అని అల్లాహ్ ప్రకటించాడు. నేరస్థుల మనస్తత్వాన్ని 108వ వచనంలో బయటపెట్టాడు. వారు ప్రజల కంటపడకుండా దాక్కోగలరట, కాని అల్లాహ్ నుంచి దాక్కోలేరట. వారు రాత్రి మంతనాలాడుతున్నప్పుడు కూడా ఆయన వారితోనే ఉన్నాడట. సోదరులారా! రాడార్‌ను పసిగట్టే పరికరానికి ఇంతకంటే స్పష్టమైన వర్ణన ఉంటుందా?

ఇక దీనికి భిన్నమైన మనస్తత్వాన్ని చూడండి. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక రాత్రి మదీనా వీధుల్లో పహరా తిరుగుతుండగా, ఒక గుడిసెలో తల్లీకూతుళ్ల మాటలు వినిపించాయని చరిత్రకారులు రాశారు. పాలలో నీళ్లు కలపమని తల్లి చెబుతోంది. ఖలీఫా దాన్ని నిషేధించారు కదా అని కూతురు గుర్తుచేసింది. ఉమర్ ఇక్కడ లేడు, మనల్ని చూడటం లేదు అని తల్లి అన్నది. ఉమర్ చూడకపోయినా ఉమర్ ప్రభువు చూస్తున్నాడని ఆ పిల్ల జవాబిచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ అమ్మాయిని తన కోడలిగా చేసుకున్నారు. ఆమె సంతతిలోనే న్యాయపాలకుడిగా పేరుగాంచిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) జన్మించారు. ఆ గుడిసెలో కెమెరా లేదు. ఆ పిల్ల హృదయంలో ఉన్నదాన్నే మనం ‘తఖ్వా’ అంటాము.

కాబట్టి మీ హృదయాన్ని మీరే ప్రశ్నించుకోండి. ఖాళీ రోడ్డుపై, కెమెరా లేని చోట, మీ కారు వేగం ఎంత? మీ తఖ్వా ఎంతో ఆ ముల్లు చూసి మీరే తెలుసుకోవచ్చు.

గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన సోదరులు మన మధ్య ఎందరో ఉన్నారు. ఈ పుస్తకాన్ని అక్కడే ఉండి చదివేవారూ ఉన్నారు. ఒక విషయం మీకే బాగా తెలుసు. అబూధాబీలో రోడ్డుపై రాసిన పరిమితికి మించి గంటకు 20 కిలోమీటర్ల వరకు జరిమానా లేకుండా మినహాయింపు ఉండేది. 2018 ఆగస్టులో ఆ మినహాయింపును ఎత్తివేశారు. అంతవరకు చాలామంది దృష్టిలో అసలు పరిమితి బోర్డుపై రాసినది కాదు, దానికి 20 కలిపితే వచ్చేది. సడలింపును హక్కుగా మార్చుకోవడం మనిషి నైజం. అక్కడ జరిమానాకు భయపడి వరుస తప్పకుండా కారు నడిపే మన సోదరుడే, సెలవుపై ఇంటికి రాగానే హైదరాబాద్ రోడ్లపై మరో మనిషి అవుతాడు. అల్లాహ్ అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. మారినది జరిమానా మొత్తం మాత్రమే.

ధార్మిక సోదరులారా! ఇస్లాం వేగానికి శత్రువు కాదు. ఈ మాట యువకుల కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. దైవప్రవక్త (స) గుర్రపు పందేలు నిర్వహించారు. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్‌యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, శిక్షణ పొందని గుర్రాలకు సనియ్యా నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు దూరం నిర్ణయించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) స్వయంగా ఆ పందెంలో పాల్గొన్నారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. గమనించండి. పందేనికి ఒక స్థలం ఉంది, ఒక ఆరంభం, ఒక ముగింపు ఉన్నాయి. గుర్రం స్థాయిని బట్టి దూరం ఉంది. మదీనా బజారులో జనం మధ్య ఆ పందెం జరగలేదు.

నేటి ఉదాహరణ కూడా మన కళ్లముందే ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. అవి మనం రోజూ తిరిగే రోడ్లే. అయితే పందేనికి ముందు ఆ రోడ్లను మూసివేశారు, రెండు వైపులా అడ్డుగోడలు నిలిపారు. ప్రపంచంలోని ఆరితేరిన డ్రైవర్లకు కూడా జనం తిరిగే రోడ్డును అలాగే అప్పగించలేదు. మరి శనివారం రాత్రి స్నేహితులతో రింగ్ రోడ్డు ఎక్కే మన యువకునికి ఆ అధికారం ఎవరు ఇచ్చారు?

దైవప్రవక్త (స) ప్రయాణ సరళిని హజ్రత్ ఉసామా (రజి) వివరించారు. వీడ్కోలు హజ్‌లో అరఫాత్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆయన (స) మధ్యస్థమైన నడకతో సాగేవారు. ముందు ఖాళీ దొరికినప్పుడు వేగం పెంచేవారు. అదే ప్రయాణంలో వెనుక నుంచి ఒంటెలను అదిలించే అరుపులు వినిపించినప్పుడు తన కొరడాతో సైగ చేసి, ప్రశాంతంగా సాగమని, పరుగెత్తించడంలో పుణ్యం లేదని ప్రజలకు బోధించారు. ఈ రెండు ఉల్లేఖనాలూ బుఖారీలోనివే. ఖాళీ ఉంటే వేగం, జనం ఉంటే నెమ్మది. మరొక ప్రయాణంలో అంజషా అనే సేవకుడు స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాటపాడి వేగంగా నడిపిస్తుంటే, దైవప్రవక్త (స) ఆ స్త్రీలను గాజుపాత్రలతో పోల్చి, మెల్లగా నడపమన్నారు. నేడు మీ కారు వెనుక సీటులో కూర్చున్న తల్లి, భార్య, పసిపిల్ల ఆ గాజుపాత్రలే. ఎదురుగా ఆటోలో వస్తున్నవారు కూడా ఎవరో ఒకరి గాజుపాత్రలే.

సోదరులారా! ఇప్పుడు లెక్క చూద్దాం. మన మదర్సాల్లో వారసత్వ పంపకాల లెక్క నేర్పుతారు. ఈ లెక్క అంతకంటే సులభం. మీరు 24 కిలోమీటర్లు వెళ్లాలి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో 12 నిమిషాలు పడుతుంది. 160 వేగంతో 9 నిమిషాలు. మిగిలింది మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాల కోసం చెల్లించే మూల్యం ఏమిటి? ఢీకొన్నప్పుడు వెలువడే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుచేత 120కి బదులు 160లో ఆ శక్తి దాదాపు ఒకటింముప్పావు రెట్లు. గంటకు 135 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం కుతుబ్ మీనార్ అంత ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. 160 వేగమైతే నూరు మీటర్ల ఎత్తు నుంచి పడినట్లు. 120 వేగంలో కారు ఒక్క సెకనులో 33 మీటర్లు దాటిపోతుంది. ఎదుట ఏమున్నదో కన్ను చూసి, కాలు బ్రేకును చేరేలోపే అంత దూరం గడిచిపోతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 71 మంది అతివేగం వల్లే చనిపోయారని కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్క తేల్చింది. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళిని చంపడంతో సమానమని, ఒక్క ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని బోధించే సూరా మాయిదాను చదివే మనం ఈ అంకెను చూసి పేజీ తిప్పేయగలమా?

ఇక కొందరు చెప్పే సాకులు. మొదటిది, ‘వేగ పరిమితి ప్రభుత్వం పెట్టినది, షరీఅత్ పెట్టినది కాదు’ అంటారు. 1993లో బ్రూనై రాజధాని బందర్ సెరి బెగవాన్‌లో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశమైంది. వివిధ దేశాల ఉలమా రోడ్డు ప్రమాదాల మస్‌అలాను చర్చించారు. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నిబంధనలను పాటించడం వాజిబ్ అని, వాహనంతో ఇతరులకు కలిగే నష్టానికి నడిపేవాడే బాధ్యుడని తీర్మానించారు. ఇది కొత్త మాట కాదు. పన్నెండవ శతాబ్దంలో ఇమామ్ మర్గీనానీ (రహ్మ) రచించిన, మన మదర్సాల్లో నేటికీ బోధించే ‘హిదాయా’లో ఈ నియమం ఉంది. ప్రజల దారిలో నడిచే హక్కు అందరికీ ఉంది. అయితే ఇతరుల భద్రత అనే షరతుతోనే ఉంది. జంతువు తొక్కినదానికి దానిపై ఎక్కినవాడు బాధ్యుడు. పోతూ పోతూ వెనుకకాలితో తన్నినదానికి మాత్రం బాధ్యుడు కాడు. ఎందుకంటే దాన్ని ఆపడం అతని చేతిలో లేదు. సోదరులారా! కారుకు సొంత బుద్ధి లేదు, వెనుకకాలు లేదు. అది చేసేదంతా మీ పాదం కింద ఉన్నదే. మన ఫుఖహా జంతువుపై ఎక్కినవానికి ఇచ్చిన ఆ ఒక్క మినహాయింపు కూడా మనకు మిగలలేదు.

రెండవది, ‘జరిమానా కట్టేస్తున్నాం కదా’ అంటారు. జరిమానా శిక్షయే కాని టిక్కెట్టు కాదు. దాన్ని కడితే మరొకరి ప్రాణంతో ఆటలాడే హక్కు కొనుక్కున్నట్లు కాదు. డబ్బున్నవాడికి ఒక చట్టం, లేనివాడికి ఒక చట్టం అనే ఆలోచనను నిర్మూలించడానికే మన ప్రవక్త (స) వచ్చారు.

మూడవది, ‘మరణం రాసిపెట్టిన ఘడియకే వస్తుంది’ అంటారు. నిజమే. కాని హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి సర్గ్ అనే చోటు నుంచి వెనుదిరిగారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామని సమాధానమిచ్చారు. బ్రేకు కూడా అల్లాహ్ విధిలో భాగమే.

నాలుగవది, యువకులు మనసులో అనుకునేది. ‘నా కారుకు ఆ శక్తి ఉంది, నాకు ఆ నైపుణ్యం ఉంది.’ దైవప్రవక్త (స) వద్ద అద్‌బా అనే ఒంటె ఉండేది. దాన్ని ఏ ఒంటే దాటలేకపోయేది. ఒకరోజు ఒక పల్లెవాసి తన ఒంటెపై వచ్చి దాన్ని దాటిపోయాడు. సహాబాలకు కష్టం కలిగింది. అప్పుడు ఆయన (స), ఈ లోకంలో పైకి లేచిన దేనినైనా అల్లాహ్ కిందికి దించి తీరుతాడని బోధించారు. తన ఒంటె ఓడిపోతే ప్రవక్త (స) కోపగించలేదు, వెంబడించలేదు. మన కారును మరో కారు దాటితే మనం ఏం చేస్తున్నాం?

నా ఈ మాటలు ఇంతటితో ఆపి, నా కోసం, మీ కోసం అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాను. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై దరూద్, సలాం.

ధార్మిక సోదరులారా! ఆ తండ్రి అడిగిన మస్‌అలాకు జవాబు ఇంకా చెప్పలేదు.

పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాని ఆదేశం సూరా నిసా 92వ వచనంలో ఉంది. మృతుని వారసులు క్షమిస్తే తప్ప వారికి రక్తపరిహారం చెల్లించాలి. దానితోపాటు ఒక విశ్వాసి అయిన బానిసకు స్వేచ్ఛ కలిగించాలి. అది సాధ్యం కానివాడు రెండు నెలలు ఎడతెగకుండా రోజాలు ఉండాలి. చనిపోయిన ఆ డ్రైవరు ముస్లిం కాదు. అయినా ఆదేశం మారదు. ఒప్పందం కలిగి కలిసి జీవిస్తున్న ప్రజల్లోని వ్యక్తి విషయంలోనూ పరిహారం, కఫ్ఫారా రెండూ అదే వచనంలో ఉన్నాయి. ఒక రోజు మధ్యలో కారణం లేకుండా తప్పితే లెక్క మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాలి.

నేను ఆ తండ్రితో ఇలా అన్నాను. “పరిహారంలో మీరు సహాయం చేయవచ్చు. కోర్టు ఖర్చులు మీరు భరించవచ్చు. కాని నమాజు, రోజా వంటి ఆరాధనలను బ్రతికి ఉన్న ఒకరి తరఫున మరొకరు చేయలేరు. ఆ అరవై రోజుల ఆకలి మీ అబ్బాయిదే.” ఆయన తల వంచుకుని, “కారు కొనివ్వగలిగాను” అని మాత్రం అన్నారు.

సోదరులారా! తండ్రి కారు కొనివ్వగలడు. బీమా కట్టగలడు. కొడుకు మెడలోని రక్తం బాధ్యతను తన మెడకు తగిలించుకోలేడు. బీమా సంస్థ డబ్బు ఇస్తుంది, కఫ్ఫారా రోజాలు ఉండదు.

కొన్నాళ్లకు ఆ యువకుడే స్వయంగా వచ్చాడు. రోజాలు ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలని అడిగాడు. మధ్యలో రంజాన్, పండుగ రోజులు, తష్రీక్ రోజులు రాకుండా చూసుకుని, చంద్రమాసం మొదటి తేదీన ప్రారంభించమని చెప్పాను. వెళ్లేముందు ఆ డ్రైవరు ఇంటికి వెళ్లివచ్చానని చెప్పాడు. ఆ భార్య ఏమన్నదో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు ఆచరణకు సంబంధించిన కొన్ని విషయాలు.

మొదటిది, వరుస క్రమం. మనం నమాజులో సఫ్‌లను సరిచేసుకునే సమాజం. ఇమామ్ తక్బీర్‌కు ముందు కుడి ఎడమలు చూసి వరుస సరిచేయమంటాడు. బయటికి వెళ్లగానే ఆ వరుస ఏమవుతుంది? ఒక జుమా రోజు ప్రజల మెడలు దాటుకుంటూ ముందుకు వస్తున్న మనిషిని చూసి దైవప్రవక్త (స), ప్రజలను బాధించావని చెప్పి కూర్చోమన్నారు. ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది. రోడ్డుపై వరుసలు మారుస్తూ, వంకరటింకరగా దూసుకుపోయేవాడు ప్రజల మెడలపై నుంచి దాటేవాడే. అతని ఉద్దేశం మొదటి సఫ్‌కు చేరడం అయినా అది తప్పే.

మన హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. ఒక్కో వైపు నాలుగు వరుసలు ఉన్నాయి. కుడివైపు రెండు వరుసలకు 120 వరకు, ఎడమవైపు రెండు వరుసలకు 40 నుంచి 80 కిలోమీటర్ల వేగం 2023లో నిర్ణయించారు. ఈ నిబంధనలో రెండు వైపులకూ బాధ్యత ఉంది. వేగంగా పోయేవానికి పైపరిమితి ఉంది. కుడివరుసలో బద్ధకంగా కూర్చుని దారి ఇవ్వనివానికి కిందిపరిమితి ఉంది. ఆ రాత్రి ప్రమాదంలో దారి ఇవ్వని ఆ కారు నడిపినవానికి ఏమీ తెలియదు. అతను ఇంటికి వెళ్లి నిద్రపోయి ఉంటాడు. రోడ్డుపై నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్‌లోని ఒక శాఖ అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. ఒక్కోసారి ఆ వస్తువు మన కారే కావచ్చు. ఎడమకు జరగడం కూడా సదఖాయే.

నమాజు సఫ్‌లో ఖాళీ వదలకూడదు. రోడ్డుపై ముందు వాహనానికి, మీకు మధ్య ఖాళీ తప్పక వదలాలి. ముందువాడు ఒక స్తంభాన్ని దాటాక మీరు ఆ స్తంభాన్ని చేరడానికి మూడు సెకన్లు పట్టాలి. 120 వేగంలో అది నూరు మీటర్లు. ముందున్నవాని వెనుకకు అంటుకుపోయి లైట్లు కొట్టి, హారన్ మోగించి భయపెట్టడం ఒక విశ్వాసిని, ఒక పొరుగువాడిని భయపెట్టడమే. అది ధర్మసమ్మతం కాదు.

రెండవది, ఆ పరికరం. ఎవరి కారులోనైనా రాడార్‌ను పసిగట్టే యంత్రం ఉంటే ఈరోజే తీసివేయండి. అమ్మకండి. అమ్మితే ఆ పాపంలో మరొకరికి సహాయపడినట్లు అవుతుంది. కెమెరా కోసం మాత్రమే పెట్టుకున్న యాప్ హెచ్చరికలను ఆపివేయండి. కొన్ని దేశాల్లో ఇప్పుడు రెండు చోట్ల కెమెరాలు పెట్టి, ఒక చోటు నుంచి మరొక చోటుకు చేరిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కిస్తున్నారు. కెమెరా దగ్గర బ్రేకు నొక్కినా ప్రయోజనం లేదు, మధ్యలో చేసినదంతా లెక్కకు వస్తుంది. మనుషులే ఈ ఏర్పాటు చేయగలిగారు. పుట్టుక నుంచి మరణం దాకా ఉన్న దారి మొత్తాన్ని నమోదు చేసే దైవదూతలను నమ్మే మనం, మధ్యలో చేసినది ఎవరికీ తెలియదని ఎలా అనుకుంటాం?

మూడవది, తండ్రుల బాధ్యత. మైనరు పిల్లవాడు వాహనం నడిపి నేరం జరిగితే సంరక్షకునికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అల్లాహ్ వద్ద మాత్రం మైనరు వయసు దాటిన కొడుకు విషయంలోనూ తండ్రిని అడగడం జరుగుతుంది. ప్రతి ఒక్కరూ కాపరియే, తన మందను గురించి జవాబుదారుడే. తాళంచెవి ఇచ్చే చేయి తాళంచెవి తీసుకోవడం కూడా నేర్చుకోవాలి.

నాలుగవది, జుమా రోజు. నేను మింబరుపై నుంచి చూస్తుంటాను. రెండవ అజాన్ వినిపించగానే బయట బ్రేకులు కీచుమంటాయి. నమాజుకు పరుగెత్తుకుంటూ రావద్దని, ప్రశాంతంగా రమ్మని, దొరికినంత చేసి మిగిలినది పూర్తి చేసుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నమాజుకే పరుగు వద్దన్నప్పుడు పెళ్లివిందుకు, సినిమాకు, ఇఫ్తార్‌కు పరుగెందుకు? అయిదు నిమిషాలు ముందు బయలుదేరండి. చాలావరకు అతివేగం ఇంటి గడప దగ్గరే పుడుతుంది.

అయిదవది, ప్రమాదం కంటపడితే ఆగండి. గాయపడినవారికి సహాయం చేసినవారిని కేసుల నుంచి కాపాడే నిబంధన ఇప్పుడు మన చట్టంలో ఉంది. ఫోను తీసి వీడియో తీయడం సహాయం కాదు.

సోదరులారా! వాహనం ఎక్కినప్పుడు మనం ఒక దుఆ చదువుతాం. సూరా జుఖ్రుఫ్‌లోని ఆ దుఆ అర్థాన్ని ఆలోచించండి. ఈ వాహనాన్ని లోబరచుకునే శక్తి స్వతహాగా మనకు లేదని ఒప్పుకుంటాం. చివరికి మన ప్రభువు వైపుకే మరలిపోతామని గుర్తుచేసుకుంటాం. ఆ మాటలు పలికిన నోటితోనే, వాటిని పలికిన అర నిమిషానికే, వేగం చూసి స్నేహితుల ముందు కేక వేయడం తగునా? దుఆ చదివాక ఒక్క క్షణం ఆగి, అప్పుడు బండి కదిలించండి.

ఓ అల్లాహ్! మా ఏకాంతాన్ని మా బహిరంగం కంటే మెరుగైనదిగా చేయి. మాకు కెమెరా భయాన్ని కాక నీ భయాన్ని ప్రసాదించు.

ఓ అల్లాహ్! రోడ్లపై ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు సహనాన్ని, ఆసరాను ప్రసాదించు. తండ్రిని కోల్పోయిన ఆ ఇద్దరు పిల్లలను నీ సంరక్షణలో ఉంచు.

ఓ అల్లాహ్! పొరపాటు చేసి పశ్చాత్తాపం చెందినవారి రోజాలను స్వీకరించు. మా యువకుల చేతులను, పాదాలను, చూపులను అదుపులో ఉంచు. మా వల్ల ఏ ప్రాణికీ హాని కలగకుండా మమ్మల్ని ఇళ్లకు చేర్చు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!